ఒక్కసారే అడిగారు

నా వయసు ముప్పై నాలుగు. ఎడమచేత్తో స్పిన్ వేస్తాను. పదహారేళ్ళుగా రాష్ట్ర జట్టుకి ఆడుతున్నాను. ఇండియాకి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఈ నాలుగూ చెప్పేశాక నా గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు. పేరు సత్యవేణి. కైకలూరులో మా నాన్నకి చేపల మేత దుకాణం ఉంది. నేను ఏలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచర్ని.

జాస్మిన్ వయసు పద్దెనిమిది. అదీ ఎడమచేత్తోనే స్పిన్ వేస్తుంది. నేర్పింది నేనే. ఏలూరులో బట్టలు కుట్టే షఫీగారి అమ్మాయి, ఆరో తరగతిలో మా స్కూల్లో చేరింది. నేను మూడేళ్ళు చచ్చీచెడీ నేర్చుకున్నది దానికి మూడు వారాల్లో వచ్చేసింది. సంతోషించాను, కుళ్ళుకున్నాను కూడా. రెండూ నిజమే. ఎవరేమనుకున్నా నాకు లెక్కలేదు.

మొన్న ఫిబ్రవరిలో తాడేపల్లిగూడెంలో మా రాష్ట్రం మ్యాచ్ జరిగింది. ఇండియా టీమ్‌ని ఎంపిక చేసేవాళ్ళలో ఒక మేడమ్ అది చూడటానికి ముంబై నుంచి వచ్చారు. విదేశీ పర్యటనకి పద్నాలుగు పేర్లు ఖాయమైపోయాయి. ఎడమచేతి స్పిన్నర్ చోటు ఒక్కటే మిగిలింది. అది నాకో జాస్మిన్‌కో వస్తుందని మ్యాచ్‌కి ముందే అందరికీ తెలుసు. ఒక పేపరువాడైతే 'అనుభవమా, యువరక్తమా' అని మా ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన వేశాడు. అంటే నాది ముసలిరక్తం అన్నమాట. వాడి వయసెంతో కనుక్కోవాలనిపించింది.

మ్యాచ్‌లో నేను మూడు వికెట్లు తీశాను, జాస్మిన్ కూడా మూడే తీసింది. నేను పరుగులు తక్కువ ఇచ్చాను. అది బంతిని ఎక్కువ తిప్పింది. చూసినవాళ్ళెవరికీ ఏమీ తేలలేదు.

ఆట అయ్యాక మేడమ్ మమ్మల్ని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచారు. ముందు నన్ను. నాకోసం నెమ్మదిగా ఇంగ్లీషులో మాట్లాడారు. "ఒక్కటే చోటుంది. మీ అనుభవం నాకు నచ్చింది. ఆ అమ్మాయీ బాగా వేస్తోంది. మీరే చెప్పండి, ఈ చోటు మీకివ్వనా?" అన్నారు.

ఈ ప్రశ్న కోసం పదహారేళ్ళు ఎదురుచూశాను. స్నానం చేస్తూ, బస్సులో నిలబడి, స్కూల్లో పిల్లల చేత డ్రిల్లు చేయిస్తూ, దీనికి జవాబు ఎన్ని రకాలుగా చెప్పుకున్నానో. తీరా అడిగేసరికి నా నోట్లోంచి వచ్చింది ఇది.

"నాదేముంది మేడమ్, అయిపోయినదాన్ని. చిన్నపిల్ల, దానికివ్వండి."

మా వైపు మనుషులకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. మా ఇంటికెవరైనా భోజనానికి వస్తే మారు వడ్డించబోయినప్పుడు చాలండీ అంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతారు. మేం ఆ చెయ్యి పక్కకి జరిపి వడ్డిస్తాం. మొదటిసారే ఊ అన్నవాడి గురించి పదేళ్ళు చెప్పుకుంటాం. ఇచ్చేవాళ్ళు బలవంతపెట్టాలి, పుచ్చుకునేవాళ్ళు మొహమాటపడాలి. నా వంతు నేను చేశాను. ఇక ఆవిడ, "అదేంటి సత్యవేణీ, అలాగంటే ఎలా?" అనాలి.

ఆవిడ అనలేదు. థాంక్యూ అని చెప్పి నోటుపుస్తకంలో ఏదో రాసుకున్నారు. నేను లేచాను. ఆ చిన్న గదిలో తలుపు దాకా ఎంత నెమ్మదిగా నడవొచ్చో అంత నెమ్మదిగా నడిచాను. గడప దగ్గర వంగి, ఊడని బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాను. ఆవిడ తలెత్తి, ఆ అమ్మాయిని లోపలికి పంపమన్నారు.

జాస్మిన్ అయిదు నిమిషాల్లో బయటికొచ్చింది. మొహం వెలిగిపోతోంది. అయిపోయింది, దీనికిచ్చేశారు అనుకున్నాను. మేమిద్దరం ఒకే కారులో ఏలూరు తిరిగి వస్తుంటే గుండుగొలను దగ్గర డ్రైవరు ఆపాడు.

"టీ తాగుదామా అక్కా?" అంది జాస్మిన్.

"నాకొద్దు, తలనొప్పిగా ఉంది."

"కొంచెం తాగండక్కా, తలనొప్పి తగ్గుద్ది."

"వద్దన్నానా?"

అది వినకుండా వెళ్ళి నాకో గ్లాసు తెచ్చింది. తాగాను. టీ బాగానే ఉంది.

కైకలూరులో ఇంటికెళ్ళాక, జరిగినదంతా అమ్మకి చెప్పాను. మా అమ్మ కాంతం పప్పులో తాలింపు పెడుతూ వింది. "మంచిమాటే అన్నావు. పెద్దదానివి, అలాగే అనాలి. ఆవిడ మళ్ళీ ఫోన్ చేసి అడుగుద్దిలే, కంగారుపడకు" అంది. నేనూ అదే అనుకుంటున్నానని అమ్మకి చెప్పలేదు.

పన్నెండు రోజులు ఫోన్ చంకలో పెట్టుకుని తిరిగాను. మేడమ్ నంబరు నా దగ్గర ఉంది. 'ఆ చోటు నాకు కావాలి మేడమ్' అని రాసి చెరిపేశాను. నాలుగుసార్లు రాశాను, నాలుగుసార్లూ చెరిపాను. దానికివ్వమని నోటితో అని, మళ్ళీ దాని దగ్గర్నుంచి లాక్కోమని ఎలా అడగను? ఒకరోజు జాస్మిన్ చెయ్యి ఏ తలుపులోనో నలిగితే బాగుండునని కూడా అనుకున్నాను. అనుకున్నందుకు ఏడ్చాను. మర్నాడు మళ్ళీ అనుకున్నాను.

పదమూడో రోజు లిస్టు వచ్చింది. నా పేరు లేదు. జాస్మిన్ పేరూ లేదు. ఎక్కడో వేరే రాష్ట్రం అమ్మాయి పేరుంది. దాని బౌలింగులో నేను కూడా సిక్సు కొట్టాను. నేను బ్యాటింగులో తొమ్మిదో నంబరుకి వస్తాను.

మా టీమ్ మేనేజరు హేమంత్‌కుమార్‌గారు ఫోన్ చేశారు. "ఏం పని చేశారమ్మా మీరిద్దరూ? నిన్నడిగితే దానికివ్వమన్నావంట. దాన్నడిగితే నీకివ్వమందంట. ఆడాలన్న ఆకలి ఈ ఇద్దరికీ లేదని మేడమ్ మీటింగులో చెప్పేశారు. ఆ మూడో అమ్మాయి, మాట పూర్తవకుండానే నాకివ్వండి అందంట" అన్నారు. తర్వాత, "వచ్చే ఏడాది నుంచి రాష్ట్ర జట్టులోనూ చిన్నవాళ్ళనే చూద్దామంటున్నారు. నువ్వేమీ అనుకోకు" అన్నారు.

"అయ్యో, పర్లేదండీ" అన్నాను. ఫోన్ పెట్టేశాక నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

ఆ సాయంత్రం షఫీగారు జాస్మిన్‌ని వెంటబెట్టుకుని కైకలూరు వచ్చారు. మా ఇంటిని ఆనుకునే ఉన్న దుకాణం ముందు నిలబడి చేతులు జోడించారు.

"మావల్ల మీకు చెడు జరిగిందేమో, క్షమించండమ్మా. అక్క ఉండగా నాకెందుకండీ, అక్కకే ఇవ్వండి అని చెప్పిందంట మా పిల్ల. నన్నడిగినా నేను అలాగే చెప్పమనేవాణ్ణండీ" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అలా చెప్పమని ఎవరన్నారే నీతో?" అని అరిచాను.

"మీరే కదక్కా. పెద్దవాళ్ళుండగా నాకు కావాలి అని అడక్కూడదన్నారు, అండర్-నైన్టీన్‌కి వెళ్ళేటప్పుడు."

నిజమే, అన్నాను. నాకది మా కోచ్ చెప్పాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు నన్నూ ఇలాగే ఒకాయన పిలిచి అడిగితే, సీనియర్లున్నారు కదండీ అన్నాను. నీకింకా బోలెడు టైముందమ్మా అని ఆయన మెచ్చుకున్నాడు. ఆ రోజు చిన్నదాన్నని వదులుకున్నాను, ఈ రోజు పెద్దదాన్నని వదులుకున్నాను. మధ్యలో నన్నెవరూ అడగలేదు.

"ఆవిడ మళ్ళీ అడుగుతారనుకున్నావా?" అన్నాను.

"ఊ. అప్పుడు సరే అందామనుకున్నా" అని ఏడ్చేసింది.

దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడ్డాను. "నేనే మేడమ్‌ననుకో. ఈ చోటు నీకివ్వనా?"

అది వాళ్ళ నాన్న వైపు చూసింది. "ఇవ్వండి" అంది. అక్కడితో ఆగలేకపోయింది. "మీకు వీలైతేనేనండీ."

షఫీగారు బాగా చెప్పిందన్నట్టు తలూపారు.

"వీలైతేనే అనకు! మళ్ళీ చెప్పు."

"కావాలండీ." మళ్ళీ వాళ్ళ నాన్న వైపు చూసింది. "ఇంకెవరూ లేకపోతే."

నేను తల పట్టుకున్నాను. జాస్మిన్ కళ్ళు తుడుచుకుని లేచి, కుర్చీ నా వైపు జరిపింది. "నాకు రావట్లేదక్కా. మీరు చెప్పి చూపించండి. నేను మేడమ్‌ని. ఈ చోటు మీకివ్వనా?"

అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అందరూ నావైపే చూస్తున్నారు.

"నాకెందుకే ఇప్పుడు" అన్నాను.

"అలాగంటే ఎలాగక్కా? చెప్పండి, ఇవ్వనా?" అంది జాస్మిన్. మళ్ళీ అడిగింది. నా చెయ్యి పట్టుకుని మూడోసారి కూడా అడిగింది. ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ లేదు.