మొదటి రౌండు వరకే చెల్లే ఓటు

రోజాన్ కేకు పిండి మీద దాల్చినచెక్క పొడి చల్లుతుంటే భర్త డెస్మండ్ వంటింట్లోకి తొంగిచూసి, "ఈసారి ముక్కలు కాస్త పెద్దవి కొయ్యి రోజాన్, కిందటేడు చివర కూర్చున్నవాళ్ళకి చాల్లేదట" అన్నాడు. పెద్దవి కోస్తే ఇంకా ముందే అయిపోతుందని అతనికి తట్టలేదు. కేకు ఇంకా ఓవెన్‌లోకే వెళ్ళలేదు, అతను మాత్రం అప్పుడే షేవింగ్ చేసుకుని ఇస్త్రీ చొక్కా వేసేసుకున్నాడు. ఇస్త్రీ ఎవరు చేశారో చెప్పనక్కర్లేదు.

డిసెంబరులో రెండో ఆదివారం. పదకొండు గంటలకి బోస్టన్ సినీ విమర్శకుల మండలి సభ్యులు ముప్ఫై మంది ఒక గదిలో కూర్చుని ఆ ఏటి ఉత్తమ చిత్రాన్నీ నటీనటుల్నీ తేలుస్తారు. ఒక్కో అవార్డుకి ఒక్కొక్కరూ మూడు పేర్లు రాస్తారు, మొదటి పేరుకి మూడు పాయింట్లు, రెండో దానికి రెండు, మూడో దానికి ఒకటి. సాయంత్రానికి ఆ పేర్లు దేశమంతా పాకిపోతాయి, ఆస్కార్ పందెంలో ఏ గుర్రం ముందుందో జనం లెక్కలు వేయడం మొదలుపెడతారు. ఆ లెక్కలు వేసేవాళ్ళలో డెస్మండ్ పెద్ద తలకాయ. ఊళ్ళో పేరున్న దినపత్రికలో వారం వారం దాని మీదే రాస్తాడు. ఏ ఎండకా గొడుగు పట్టడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. ఆస్కార్ ఎవరికి వస్తుందనుకుంటే ఇక్కడ వాళ్ళకే ఓటేస్తాడు, ఫిబ్రవరిలో "నేను అప్పుడే చెప్పానా లేదా" అని రాసుకుంటాడు.

రోజాన్ కూడా ఆ మండలిలో సభ్యురాలే. ఒక చిన్న వారపత్రికలో సమీక్షలు రాస్తుంది. సభ్యత్వం వచ్చి పదకొండేళ్ళయింది, ఓటింగు రోజున ఆ గదిలో ఒక్కసారీ అడుగుపెట్టలేదు. మొదటి ఏడు పాప మూడు వారాల పసిగుడ్డు. తర్వాత పాపకి ఆటలమ్మ, ఆ తర్వాత అత్తగారికి గుండె ఆపరేషన్, ఇప్పుడు అదే అత్తగారి తుంటి ఎముక. ఏటా ఎవరో ఒకరి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. ఆ రెండో ఎవరో ఎప్పుడూ రోజానే. ఆమె బదులు ఆమె కేకు వెళ్తుంది, కేకుతోపాటు ఒక కవరులో ఆమె ఓటు వెళ్తుంది. "మీ ఆవిడ ఓటు కంటే కేకే ఎక్కువమందిని ఒప్పించిందయ్యా" అని ఒకసారి అధ్యక్షుడు అన్నాడట. డెస్మండ్ ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. ఆమె కూడా నవ్వింది. అలా నవ్వినందుకు తన మీద తనకే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నవంబరు అంతా సినిమాలు చూసేది కూడా ఆమే. బట్టలు మడతపెడుతూ, అత్తగారి కాళ్ళు ఒత్తుతూ అరవై సినిమాలు చూసింది. డెస్మండ్ సగానికి సగం చూడడు. "రెండు ముక్కల్లో చెప్పెయ్యి, నీ కన్ను మంచిది" అంటాడు. ఆ రెండు ముక్కలే గురువారం పేపర్లో అతని పేరు కింద వస్తాయి. "సోఫాలో కూర్చుని బొమ్మలు చూడటం కూడా పనేనా తల్లీ?" అని అత్తగారు ఫిలిస్ అంటే, "నాకూ అదే అనుమానం అత్తయ్యా" అని ఊరుకుంటుంది.

కానీ ఈ ఏడు ఊరుకోలేకపోతోంది. వెరోనా కీల్ అనే అరవై ఏడేళ్ళ నటి, ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే మనిషిగా నటించింది. సినిమా ఊరికి ఒక్క హాల్లో ఆడింది, వచ్చే శుక్రవారం అదీ ఎత్తేస్తారు. ఎక్కడో ఒక మండలి ఆమె పేరు పలికితే ఆస్కార్ ఓటర్లు కనీసం ఆ సినిమా పెట్టి చూస్తారు. లేకపోతే ఆమె నటించిందని కూడా ఎవరికీ తెలియదు. రాణి వేషం కట్టిన పెద్ద తారకే అందరూ తలూపుతున్నారు. రోజాన్‌కి రెండు రోజులుగా నిద్ర లేదు.

తొమ్మిదిన్నరకి మండలి కార్యదర్శి గ్రెటా ఫోన్ చేసింది. "కేకులో వాల్‌నట్లు వేశావా? కొత్తగా చేరినతనికి పడవట."

"వెయ్యలేదు. గ్రెటా, నా మూడు పాయింట్లూ వెరోనాకే. డెస్‌తో కవరు పంపిస్తున్నాను, కాస్త చూసుకో."

"పంపు. కానీ మొదటి రౌండు వరకేగా."

"అంటే?"

"అదేంటి, నీకు తెలీదా? ఎవరికీ సగం మంది మద్దతు రాకపోతే రెండో రౌండు పెడతాం. అందులో గదిలో ఉన్నవాళ్ళ ఓట్లే. కవర్లు తీసి పక్కన పెట్టేస్తాం. నేను లెక్కపెట్టడం మొదలెట్టాక మొదటి రౌండులో తేలిన నటి ఒక్కరూ లేరు."

రోజాన్ ఫోన్ పెట్టేసింది. పదకొండేళ్ళు. కూరలో కరివేపాకులా ఏటా తీసి పక్కన పెట్టారు. ఆ గదిలో కూర్చుని అది చూసినవాడు ఇంటికొచ్చి ఒక్క మాట అనలేదు.

"డెస్, రెండో రౌండులో నా ఓటు చెల్లదని నీకు తెలుసా?"

అతను అద్దంలో కాలరు సరిచేసుకుంటున్నాడు. "అందరికీ తెలుసు. ఆ రూల్సు పుస్తకం నా సొరుగులోనే ఉంది. చెప్తే బాధపడతావని చెప్పలేదు. అయినా ఎలాగూ నువ్వు రాలేవు కదా?"

ఆ చివరి మాట దగ్గర రోజాన్ ఏప్రన్ విప్పేసింది. కుర్చీ మీద కోటు తీసుకుంది. ఒక తెల్ల కాగితం, పెన్ను తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఒక్కో అవార్డుకీ నీ మూడు పేర్లూ రాసివ్వు. నేను తీసుకెళ్తాను. నువ్వు మీ అమ్మ దగ్గర ఉండు."

"పిచ్చా నీకు? నా కాలమ్ ఏం కావాలి? గదిలో లేకుండా గాలి ఎటు వీస్తోందో ఎలా రాస్తాను?"

"నేనొచ్చి రెండు ముక్కల్లో చెప్తాలే."

ముందు గదిలోంచి ఫిలిస్ కేక వేసింది. "ఏంట్రా ఆ గొడవ? వెళ్ళనీరా దాన్ని! ఒక్క పూట నా దగ్గరుంటే నీ సొమ్మేం పోదు!" రోజాన్ ఆశ్చర్యపోయింది. కానీ ఆగి ఆశ్చర్యపోయేంత టైము లేదు. డెస్మండ్ మూతి ముడుచుకునే రాశాడు.

ఓటింగు గదిలో అందరి కళ్ళూ మొదట ఆమె ఖాళీ చేతుల మీదే పడ్డాయి. "కేకేదీ?" అన్నాడు అధ్యక్షుడు. ఆమె డెస్మండ్ కవరు గ్రెటాకిచ్చి కూర్చుంది. ఉత్తమ నటి వంతు వచ్చింది. రాణి వేషానికి ఇరవై ఆరు పాయింట్లు, వెరోనాకి ఇరవై నాలుగు. ఎవరికీ సగం మంది మద్దతు లేదు. గ్రెటా డెస్మండ్ కాగితం తీసి పక్కన పెట్టి, అందరికీ కొత్త చీటీలు పంచింది.

ఫోన్ మోగింది. డెస్మండ్. "రోజాన్, అమ్మ నడుం కింద పెట్టే దిండు ఎక్కడుంది?"

"మీ అమ్మనే అడుగు డెస్. ఇక్కడ నా ఓటు లెక్కలోకొచ్చే టైమైంది."