ఒరిజినల్ టైర్లు

మా ఆయన పళ్ల డాక్టరు. రోజంతా ఊళ్లోవాళ్ల నోళ్లలో వేళ్లు పెట్టే ఆ మనిషి, తన నోట్లో ఎవరు వేలు పెట్టినా కొరికేవాడు కాదు. అంత మెతక. ఎవరి మాటా కాదనలేడు. మందు లేదు, సిగరెట్టు లేదు, పేకాట లేదు. ఉన్న పిచ్చల్లా స్పోర్ట్స్ కార్లు. ఆ ఒక్కటీ అన్నింటి పెట్టు.

ఆదివారం పొద్దున్నే కొండరోడ్డు మొదట్లో, ఇంకా తెరవని ఫర్నిచర్ షోరూము పార్కింగులో వీళ్ల మేళం చేరేది. రిటైరైన బ్యాంకు మేనేజరు, బీమా ఏజెంటు, పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు, మా ఆయన. నలుగురిలో ఒక్కరికీ స్పోర్ట్స్ కారు లేదు. అభిప్రాయాలు మాత్రం గ్యారేజీలు నిండేటన్ని. ఎరుపు కానిది ఫెరారీయే కాదని మేనేజరు అంటే, పోర్షే ముందు తక్కినవన్నీ బొమ్మలేనని ఏజెంటు లేచేవాడు. రోల్స్ రాయిస్ కారు కాదు, చక్రాలున్న డ్రాయింగు రూమని ఫొటోగ్రాఫరు తేల్చేసేవాడు. తలుపు వేస్తే వచ్చే చప్పుడు మీద వాదించుకుని మేనేజరూ ఏజెంటూ ఒకసారి నెలరోజులు మాటలు మానేశారు. ఏ విషయంలోనూ వీళ్లు ఒక మాట మీదికి వచ్చిన పాపాన పోలేదు.

ఆ చలికాలంలో మా ఆయన నిజంగానే కారు కొన్నాడు. దాని కంపెనీ పేరు రాయను. మా ఇంట్లో నా పేరు కన్నా ఎక్కువసార్లు వినబడిన పేరది. పాతికేళ్ల కిందట ఎవరో పెద్దాయన కొని, నాలుగు రోజులు నడిపి, గుడ్డ కప్పి షెడ్డులో పెట్టేశాడట. ఆయన పోయాక కొడుకులు షెడ్డు తెరిస్తే లోపల కొత్త పెళ్లికూతురిలా ఉంది. ఎక్కడా గీత లేదు. టైర్లు కూడా ఫ్యాక్టరీలో బిగించినవే. వాటి పక్కల మీద ఆ మోడలు కోసమే వేసిన ముద్ర ఉంది. అలాంటివి ఇప్పుడు ఎక్కడా తయారు కావట.

కారు మా వాకిట్లోకి వచ్చిన రోజు నలుగురూ దాని చుట్టూ మోకాళ్ల మీద కూర్చున్నారు. ఏజెంటు టైరు గాడుల్లో వేలు పెట్టి లోతు చూసి, పురిటిబిడ్డ అన్నాడు. నేనూ వంగి చూశాను. గాడులు లోతుగానే ఉన్నాయి. కానీ పక్కల వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్లు కనిపించాయి. గోటితో నొక్కితే గోరు దిగలేదు. డ్రాయరులో ఏళ్ల తరబడి పడి ఉండే రబ్బరు బ్యాండు గుర్తొచ్చింది. ఎవరూ వాడకపోయినా సరే, లాగితే పుటుక్కుమంటుంది.

నేను ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుని. రోడ్డు మీద పడ్డవాళ్లకు మళ్లీ నడక నేర్పడం నా ఉద్యోగం. అంతా బాగానే ఉందనుకున్నామని వాళ్లందరూ చెబుతారు. ఆ సాయంత్రమే టైర్లు మార్చమన్నాను. ఆయన కాదనలేదు, వాళ్లను కూడా అడిగి చూస్తానన్నాడు. నాకు ఒళ్లు మండింది. పన్ను పీకడానికి ఎవర్నీ అడగని మనిషి టైరు మార్చడానికి సభ పెట్టాలా?

పెట్టాడు. ఎన్నడూ జరగనిది ఆ ఆదివారం జరిగింది. ముగ్గురూ ఒకే మాట అన్నారు. టైరు మారిస్తే ఒరిజినల్ అన్న పేరు పోతుంది, ఇక వీధిలో కారుకీ దానికీ తేడా ఏముందన్నాడు మేనేజరు. రబ్బరు తిప్పితేనే అరుగుతుంది, తిప్పనిది కొత్తదేనన్నాడు ఏజెంటు. ముద్ర లేని టైరుకి ఫొటో తీయడం తన వల్ల కాదన్నాడు ఫొటోగ్రాఫరు. వాళ్లు కొట్టుకుంటున్నన్నాళ్లూ నాకు భయం లేదు. కలిసిపోయారని విన్నాక అన్నం సహించలేదు.

కారు మొదటిసారి కొండెక్కే రోజు వచ్చింది. ఉన్నవి రెండే సీట్లు. పక్కన తనే కూర్చుంటానని మా అమ్మాయి పట్టుబట్టింది. కాలేజీలో చదువుతోంది గానీ తండ్రి పిచ్చిలో సగం దానికి వచ్చింది. కళ్లు మూసుకుని చప్పుడు వింటే ఏ గేరులో ఉందో చెప్పేస్తుంది. ఎంత చెప్పినా వినలేదు. నేను స్కూటరు మీద వాళ్ల వెనకే వెళ్లాను.

తెల్లవారుతుండగా పడిన జల్లుకి రోడ్డు తడిసి నల్లగా ఉంది. పైన మలుపులు మంచులో కనబడటం లేదు. పార్కింగులో మేనేజరూ ఏజెంటూ అప్పటికే వచ్చి ఉన్నారు. ఫొటోగ్రాఫరు గొడుగు కింద కెమెరా సర్దుకుంటున్నాడు. అమ్మాయి బెల్టు బిగించుకుంది. స్కూటరు దిగి కారుకి అడ్డంగా నిలబడ్డాను.

“అమ్మాయి దిగుతుంది,” అన్నాను. “టైర్లు మార్చక్కర్లేదని మీ ముగ్గురూ అన్నారు కదా అన్నయ్యగారూ. మీలో ఒకరు వచ్చి ఆయన పక్కన కూర్చోండి.”

ఏజెంటు ఫోను తీసి, ఎవరో క్లయింటు వచ్చేస్తున్నాడని గొణిగాడు. ఫొటోగ్రాఫరు అడక్కముందే కెమెరా పైకెత్తి చూపించాడు.

“నడుం బాగాలేదమ్మా, లేకపోతేనా...” అన్నాడు మేనేజరు, నా మొహం చూడకుండా.

మా ఆయన ముగ్గురినీ ఒక్కొక్కరినే చూశాడు. ఆయన మొహం పాలిపోయింది. అర్థమైందన్నమాట. అమ్మయ్య, ఇక ఇంటికి పోతాం అనుకున్నాను.

“నువ్వు దిగు తల్లీ,” అన్నాడు అమ్మాయితో.

అది దిగింది. ఆయన దిగలేదు.

“మీరూ దిగండి,” అన్నాను.

“వీళ్లంతా ఇంత పొద్దున్నే వచ్చారు. ఒక్కసారి మెల్లగా పైదాకా వెళ్లొస్తాను. రేపు నువ్వు చెప్పినట్టే టైర్లు మార్పించేస్తాను.”

అదీ మా ఆయన. వాళ్ల మాటా తీసెయ్యలేదు, నా మాటా తీసెయ్యలేదు. నన్ను చుట్టి కారును పక్కనుంచి పోనిచ్చాడు.

మంచులో కారు కనబడకుండా పోయి, చప్పుడే మిగిలింది. మేనేజరు అలవాటు కొద్దీ దాని గురించి ఏదో అనబోయి మానేశాడు. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది. మొదటి మలుపు దగ్గర చప్పుడు తగ్గి మళ్లీ అందుకుంది.

“రెండో గేరు,” అంది.

చప్పుడు పైకి పోయింది. రెండో మలుపు దగ్గర తగ్గాల్సింది తగ్గలేదు. టైర్లు ఒక్కసారి గట్టిగా అరిచినట్టయింది. తర్వాత షోరూము చూరు మీంచి నీళ్లు కారడం మాత్రమే వినబడింది.

“నాన్న గేరు మార్చలేదమ్మా,” అంది అమ్మాయి, కళ్లు తెరవకుండానే.

ఏ చప్పుడుకైనా ఏదో ఒకటి అనే ఆ ముగ్గురూ కొండవైపు చూస్తూ నిలబడ్డారు. నేను స్కూటరు వైపు పరిగెత్తాను.