ఉప్పాడ ఒడ్డున తీసిన ఫొటో

యూనీస్ నన్ను అడగకుండా వ్యాను తీసుకుపోయింది. చెప్పింది. అడగలేదు. చెప్పడం వేరు, అడగడం వేరు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఆమె నా భార్య. వ్యాను నా స్టూడియోది. ఆబిడ్స్ సందులో స్టూడియో, నాంపల్లి స్టేషన్ వెనక ఇల్లు. మెదక్ పక్క ఊళ్ళో మిషన్ బడిలో పది దాకా చదివి పట్నం వచ్చాను. ఒకాయన దగ్గర పని నేర్చుకుని సొంతంగా పెట్టుకున్నాను. చర్చి పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, సమాధి కార్యక్రమాలు తీసేవాణ్ణి. శవపెట్టె చుట్టూ కుటుంబమంతా నిలబడి దిగే ఫొటోకు ఎర్నెస్టే కావాలని మెదక్ నుంచి కబురు వచ్చేది.

యూనీస్ లైటు పట్టుకునేది. ఆ లైటు వేడికి కుడి మణికట్టు మీద మచ్చ పడింది. ప్రింట్లు కడగడం, ఆరేయడం, అంచులు కత్తిరించడం, ఆల్బంలో అతికించడం ఆమెవే. ఊళ్ళో పెళ్ళికి పోతే వెంట వచ్చినవాళ్ళకు కిరోసిన్ స్టవ్ మీద వంట కూడా. మా డ్రైవర్ అంజన్ మానేస్తానన్నప్పుడు, పోయే ముందు, నుమాయిష్ సంత లేని నెలల్లో ఎగ్జిబిషన్ గ్రౌండు దగ్గర పొద్దున్నే ఆమెకు వ్యాను నేర్పాడు. నాకు దూరపు చూపు అప్పటికే తగ్గింది. అందుకని నడపడం కూడా ఆమె మీదే పడింది. జీతం ఆమె అడగలేదు. ఇంటి మనిషికి జీతమేమిటి.

ఒక పెళ్ళి దగ్గర వ్యాను ఆగగానే పెళ్ళికొడుకు చిన్నాన్న అన్నాడు, "ఏందే ఎర్నెస్టన్నా, వదిన నిన్ను మోసుకొచ్చిందా?" అందరూ నవ్వారు. ఆమె స్టీరింగు దగ్గర నుంచే, "ఔ తమ్మీ, జర పట్టి దించుకోన్రి, బరువున్నడు" అంది. ఇంకా నవ్వారు. నేను నవ్వలేదు.

వ్యాను పాత మెటడోర్. వెనక సీట్లు పీకేసి చెక్క బల్ల బిగించాను, పైన పరుపు, కింద కెమెరా పెట్టెలు. ఒక మూల స్టవ్, నీళ్ళ డబ్బా. రాత్రి దాకా సాగే పెళ్ళిళ్ళకు అదే మా ఇల్లు.

స్టూడియో గోడకు బైబిలు వాక్యాల క్యాలెండరు ఉండేది. మా వాళ్ళలో అది లేని ఇల్లు ఉండదు. కింద వాక్యం, పైన సముద్రమో కొండో. ఎప్పుడూ పరాయి దేశానివే. నీలం నీళ్ళు, ఒడ్డున ఎర్ర పెంకుల ఇళ్ళు. యూనీస్ ప్రింట్లు ఆరేస్తూ దాని ముందు ఆగిపోయేది.

"జెర్లిన్ డాడీ, గీ సముద్రం ఏ దేశంది?"

"ఏ దేశందైతే నీకేంది. వాక్యం చదువు."

"మనకు గూడ సముద్రం ఉంది గదా. గదెందుకెయ్యరు?"

"పోయి అడుగు."

విసుగొచ్చి అన్నమాట అది. ఆమె నిజంగానే పోయి అడిగింది. నాంపల్లిలో ఆ క్యాలెండర్లు అచ్చువేసే రాధాకృష్ణమూర్తి, "మన తీరం ఫొటోలు ఉంటే తెచ్చి చూపించమ్మా, చూద్దాం" అన్నాడట. గిరాకీని పంపించడానికి అందరూ అనే మాట. దాన్ని పట్టుకుని ఏడాది మోసింది. ఆమెకు సముద్రం తెలియదు. చూసిన నీళ్ళంటే మా ఊరి వాగు, హుస్సేన్ సాగర్. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం తింటున్నప్పుడు కూడా అదే ధ్యాస. అలలు ఎప్పుడైనా ఆగుతాయా, పొద్దు ఏ వైపు నుంచి పడితే నీళ్ళు తెల్లగా కనిపిస్తాయి, అని నన్నడిగేది. నాకూ తెలియదు. తెలియదని చెప్పలేదు.

2002లో మా అమ్మాయి జెర్లిన్ పెళ్ళయి ఏడాది. ఈస్టర్ ముందు నలభై రోజుల శ్రమకాలం వచ్చింది. అది అయ్యేదాకా చర్చి పెళ్ళిళ్ళు ఉండవు, వ్యాను ఖాళీ. ఒక పొద్దున చపాతీ పెడుతూ చెప్పింది.

"రేపు వ్యాను తీస్కపోత. సముద్రం ఫొటోలు తీసుకొస్త. తొక్కు పెట్టిన, పప్పు ఉంది. కూర జెర్లిన్ వచ్చి వండుతది."

"ఎవరితోని పోతవ్?"

"నేనే."

"ఆడమనిషి ఒక్కతే వ్యాన్ల పండుకుంటదా?"

"పెండ్లిళ్ళల్ల ఎక్కడ పండుకున్న? మీకు వాళ్ళింట్ల మంచమేసిన్రు. సామాను కాడ వ్యాన్ల నేనే గదా. అప్పుడు మీకు ఫికర్ లేకుండె."

"మనిషి లేని ఫొటో, పీనుగు లేని పెట్టె ఒక్కటే. ఎవనికి గావాలె అది?"

"నాకు గావాలె."

ఆ మాట తర్వాత నా పళ్ళెంలో ఇంకో చపాతీ వేసింది. పాత కెమెరా, రీళ్ళు తీసుకుంది. స్టాండు నేను ఇవ్వలేదు. పని వస్తే కావాలన్నాను. శ్రమకాలంలో పని రాదని ఇద్దరికీ తెలుసు.

రెండు వారాలు పైనే తిరిగింది. నేను స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీస్తూ కూర్చున్నాను. ఎక్కడ స్నానం చేస్తున్నది, వ్యాను ఎక్కడ ఆపుతున్నది, ఎవరైనా అడిగితే ఏమని చెబుతున్నది, చీకటి పడ్డాక ఆ అలల చప్పుడులో నిద్ర ఎట్లా పడుతున్నది. గిరాకీ తల తిప్పినా నేను గమనించేవాణ్ణి కాదు. యూనీస్ ఫోను నాకు కాదు, జెర్లిన్‌కు చేసేది.

"డాడీ, మమ్మీ చీరాల కాడ ఉందట."

"నేనడిగిన్నా?"

జెర్లిన్ కూర తిప్పి మూత పెట్టింది. మళ్ళీ నేనే అడిగాను.

"ఇంకేమన్నది?"

"సముద్రం పొద్దుందాక రంగు మారుస్తనే ఉంటదట. ఒక్క ఫొటోల పట్టదట. గంతే. నవ్వుతుండె."

ఎండకు నల్లబడి వచ్చింది. వ్యాను నిండా ఇసుక. నేను ఎన్నిసార్లు కడిగించినా పరుపు అంచుల్లోంచి రాలుతూనే ఉండేది. రీళ్ళు తనే కడిగింది, ప్రింట్లు తనే తీసి అంచులు కత్తిరించింది. నేను పక్కకు పోయాక బల్ల మీద పరిచింది. నేను చూశాను. బాపట్ల దగ్గర తడి ఇసుక, చీరాల దగ్గర బోర్లించిన పడవ, సరుగుడు తోట మీద పొగమంచు, ఉప్పాడ దగ్గర సముద్రం కోసేసిన రోడ్డు ముక్క. వెలుతురు ఎట్లా పట్టాలో ఆమెకు తెలుసు. ఇరవై ఏళ్ళు లైటు మోసిన మనిషికి తెలియకుండా ఉండదు. ఒక్కదానిలోనూ మనిషి లేడు.

ఒక్కటి తప్ప. ఉప్పాడ ఒడ్డున తీసిందే, అందులో ఆమె ఉంది. చీర మడమల పైకి ఎత్తి, చీలమండల లోతు నీళ్ళలో, ముడి ఊడిన జుట్టుతో, కెమెరా వైపు నోరంతా తెరిచి నవ్వుతోంది.

"ఇది ఎవరు తీసిన్రు?"

ఆమె నా మొహం చూసింది. "ఇన్ని ఫొటోలల్ల మీరడిగేది గిదొక్కటేనా?"

"ఎవరు తీసిన్రంటున్న."

"నేనే తీస్కున్న."

స్టాండు స్టూడియోలో ఉంది. అంజన్ కాకినాడలో రొయ్యల కంపెనీ లారీ నడుపుతున్నాడని అందరికీ తెలుసు. ఉప్పాడ కాకినాడ పక్కనే. నేను రెండూ కలిపి చూసుకున్నాను. మళ్ళీ అడగలేదు.

ఫొటోలు రాధాకృష్ణమూర్తికి చూపించింది. ఆయన ఒక్కొక్కటీ తిప్పి, "నీళ్ళు మట్టిరంగులో ఉన్నాయేమమ్మా? వాక్యం కింద నీలం సముద్రం ఉంటేనే జనం గోడకు తగిలిస్తారు" అన్నాడట. "గక్కడ గట్లనే ఉంది సార్, నేను రంగు మార్చలే" అని తిరిగి తెచ్చుకుంది. ప్రింటు కాగితం పెట్టెలో పెట్టి బల్ల కిందకి నెట్టింది. ఏడవలేదు. ఈస్టర్ తర్వాత మొదటి పెళ్ళికి మాత్రం లైటు ముట్టలేదు. "వ్యాను నడుపుత. ఫొటో తియ్యమంటే తీస్త. లైటు పట్ట. మనిషిని పెట్టుకోన్రి" అంది. పెట్టుకున్నాను. ఆ తర్వాత మా ఇంట్లో పని మాటలు తప్ప వేరే మాట లేదు.

నాలుగేళ్ళకు జ్వరం వచ్చి దవాఖానలో పోయింది. జ్ఞాపకార్థ కూడికకు కార్డు వేయాలి, కార్డు మీద ఫొటో ఉండాలి.

"మమ్మీది ఉప్పాడ ఫొటో వేద్దాం డాడీ."

"అది వద్దు."

"అయితే ఇంకోటి చూపియ్యండి."

పాత ఆల్బంలన్నీ దించాం. ఎవరెవరి పెళ్ళిళ్ళో, ఎవరెవరి శవపెట్టెలో. ఒకదానిలో యూనీస్ మోచెయ్యి ఉంది. ఇంకోదానిలో లైటు వైరు, గోడ మీద ఆమె నీడ. మా పెళ్ళి ఫొటోలో ఆమె తల వంచుకుని ఉంది, మొహం కనపడదు. జెర్లిన్ పెళ్ళి నేనే తీశాను. అందులో లైటు పట్టింది ఆమె. ఇంకేమీ దొరకలేదు. ఉప్పాడ ప్రింటు చిన్నది, పెద్దది చేయాలంటే నెగెటివ్ కావాలి. బల్ల కింద పెట్టె లాగాం.

జెర్లిన్ నెగెటివ్ ముక్కను కిటికీకి ఎత్తి పట్టుకుంది. "డాడీ, కింద గిదేంది? మన స్టవ్ లెక్కుంది."

నేను భూతద్దం పెట్టుకున్నాను. ఫ్రేము అడుగున, ఫొకస్ లేకుండా, స్టవ్ అంచు. గిన్నె నిలిపే వంగిన కమ్మి కూడా కొంచెం పడింది. ప్రింటులో యూనీస్ దాన్ని కత్తిరించేసింది. కెమెరాను స్టవ్ మీద నిలబెట్టి టైమరు తిప్పి పరుగెత్తింది. నా స్టూడియోలో టైమరు ఎవరూ వాడరు, అది కాలేజీ పిల్లల ఆట.

దాని ముందువి ఎవరూ ప్రింటు చేయని ఫ్రేములు. ఒకదానిలో ఉత్త ఇసుక, ఒరిగిన ఆకాశం. ఒకదానిలో నీళ్ళ వైపు పరుగెత్తుతున్న ఆమె వీపు. తర్వాత సగం మనిషి, మిగతా సగం ఫ్రేము అవతల. తర్వాత తడి ఇసుకలో కూలబడి నవ్వుతోంది. తర్వాత నిలబడింది గాని కళ్ళు మూసుకుంది. ఆఖరిది ఈ ఫొటో. నెగెటివ్ కదా, జుట్టంతా తెల్లగా ఉంది. ఆమె చేరని వయసులో ఉన్నట్టుంది. కెమెరా నుంచి నీళ్ళ దాకా ఇసుకలో అడుగులు పోతున్నాయి, వస్తున్నాయి. అన్నీ ఒక్క మనిషివే. భూతద్దం జరిపి జరిపి చూశాను. ఇంకొకరివి లేవు.

అంజన్ అక్కడ లేడు. వాడి మీద నాలుగేళ్ళు పెట్టుకున్న కోపం దండగ అయింది. వాడు ఉండి ఉంటే నాకు తేలిక. ఒక మగవాడి కోసం పోయిందనుకుని తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఆమె ఎవరి కోసమూ పోలేదు. తీసేవాడు లేకుండా, చూసేవాడు లేకుండా, ఇరవై ఏళ్ళు నా కెమెరా వెనక నిలబడి ఒక్కసారీ నవ్వని నవ్వు ఒక స్టవ్ వైపు చూసి నవ్వింది.

కార్డుకు ముఖం ఒక్కటే పెద్దది చేశాను. సముద్రం తీసేశాను. కూడికలో బంధువులు కార్డు తిప్పి తిప్పి చూశారు. మా మరదలు బెత్సీ కళ్ళు తుడుచుకుంటూ, "అక్క ఎంత మంచిగ నవ్వింది బావా. మీరే తీసిన్రా?" అంది.

"ఔ" అన్నాను.

జెర్లిన్ టీ గ్లాసులు అందిస్తోంది. నా చేతిలో గ్లాసు పెట్టి, నాకు మాత్రమే వినపడేటట్టు, "స్టవ్ గూడ మీరే పెట్టిన్రా డాడీ?" అని ముందుకు పోయింది.

నెగెటివ్ ఇప్పుడు జెర్లిన్ దగ్గరే ఉంది. సముద్రంతో సహా పెద్దది చేయించి ముందు గదిలో పెట్టుకుంది. నేను ఆ ఇంటికి పోతే వంటగదిలో కూర్చుంటాను. యూనీస్‌ను నేను క్షమించలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు చెప్పాల్సింది ఇదే, ఇంతే. ఈ సంగతి ఇక నా నోట రాదు.