పుస్తకాల మీద పడుకున్న వలగుళ్ళు

నేను ఒక సంచిని. కూరగాయల సంచి అనుకునేరు, కాదు. మూరెడు పొడవు, బొటనవేలంత లావు, కడుపులో ముప్ఫై రెండు సీసపు గుళ్ళు. యూనివర్సిటీ లైబ్రరీ మూడో అంతస్తులో, పాత రాతప్రతులు చదువుకునే గదిలో, తెరిచిన పేజీ మూసుకుపోకుండా దాని మీద పడుకోవడం నా ఉద్యోగం. ముప్ఫై ఏళ్ళుగా పుస్తకాల మీదే నిద్ర, అయినా ఒక్క అక్షరమ్ముక్క రాదు. నవ్వకండి. అదే గదిలో పుస్తకాల మీద నిద్రపోయి డాక్టర్లయిన వాళ్ళని డజన్లకొద్దీ చూశాను.

నా పుట్టిల్లు సముద్రం. ఎర్రన్న అనే జాలరి వల అడుగంచున నా గుళ్ళు వేలాడేవి. ఒకసారి తాటిచెట్టంత సొరచేప వలలో పడితే పడవని రెండు రోజులు ఈడ్చుకుపోయింది. మూడోనాడు నేనే అడుక్కి లాగి కూర్చోబెట్టాను. ఎర్రన్న సాక్షి. ఇప్పుడు లేడనుకోండి, పాపం.

వల చిరిగాక ఆ గుళ్ళు అల్లుడు గంగులు చేతికొచ్చాయి. గంగులు అప్పట్లో లైబ్రరీలో బైండింగు పని చేసేవాడు. చదివేవాళ్ళు పేజీల మీద పెన్నుల డబ్బాలూ తాళంగుత్తులూ పెట్టి కాగితాలు చింపేస్తున్నారని, పాత కిటికీ తెర గుడ్డ ఇంటికి పట్టుకెళ్ళి పెళ్ళాం చేత నన్ను కుట్టించాడు. సొరని పట్టిన బరువు కాగితాన్ని పట్టుకోవడానికి దిగింది. తరవాత గంగులు ఆ గదికే అటెండరయ్యాడు. ఆ గదిలో పెన్ను తేకూడదు, పెన్సిలే. ఫోను బయట పెట్టెలో పెట్టాలి. ఫొటో తియ్యకూడదు. అన్నిటికంటే ముఖ్యం, నోరెత్తకూడదు. మాట్లాడే మనుషులు చెప్పినవన్నీ రాసిపెట్టుకుని, ఆ గదిలో మాత్రం మాట్లాడకూడదంటారు. మనుషుల లెక్కలు మనకెందుకు!

ఆ సోమవారం అసిరితల్లి వచ్చింది. తెలుగులో ఎమ్మే చదివే పిల్ల. చేతిలో ఒక్క రోజుకి అనుమతి కాగితం. మర్నాటి నుంచి గది మరమ్మతులకి మూసేస్తున్నారు, మళ్ళీ తెరిచేది మూడు నెలల తరవాతే.

"బాబాయ్, జముకుల కథల నోటుబుక్కు కావాలి, జముకు తీగ మీటుకుంటూ పాడతారు కదా, అవి. నలభై ఏళ్ళ కిందట ఓ ప్రొఫెసరుగారు మా తాత చేత పాడించుకుని రాసుకున్నారట."

"ఏ ఊరమ్మా మీది?" గంగులు గొంతు తగ్గించి అడిగాడు.

ఆమె ఊరు పేరుతోపాటు మిగతాదీ చెప్పేసింది. అమ్మవారి పండగలో వాళ్ళ నాన్న కొండపోలమ్మ కథ పాడుతూ పాడుతూ పక్కకి ఒరిగిపోయాడు. కుడివైపు పక్షవాతం. మాట పడిపోయింది. కథ సగంలో ఆగింది. ఆ ఊళ్ళో అమ్మవారి కథ మొదలెట్టినవాళ్ళు మంగళం పాడి ముగించాలి. మర్నాడు మంగళవారం తల్లిని సాగనంపే అనుపు జరిగే లోపల ఆ ఇంటి గొంతే ముగించాలి. ఊళ్ళోవాళ్ళు వేరే బృందాన్ని తెస్తామన్నారు. మంచంలో ఉన్న మనిషి తల అడ్డంగా ఊపి, ఆ రోజు నుంచి గంజి ముట్టడం మానేశాడు.

"కథంతా నాకొచ్చు బాబాయ్. మంగళం ఒక్కటే రాదు. ఆడపిల్లకి మంగళం నేర్పరు కదా మాలో."

గంగులు నోటుబుక్కు తెచ్చాడు. నన్ను పేజీ మీద పరిచారు. పిల్ల మధ్యాహ్నం దాకా చదివింది. నా కిందనుంచి పేజీలు ఒక్కొక్కటే దాటిపోతున్నాయి. చివరి పేజీ వచ్చింది. కథ ఉంది, మంగళం లేదు. కింద చిన్న అక్షరాల్లో ఏదో ఉంటే గొణుక్కుంటూ చదివింది: "మంగళము వెనుక చూడుము." వెనక చూసింది. ఖాళీ పేజీ. ఆ తరవాత అట్ట.

వెనకట్ట మీద నన్నుంచి, తల రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది.

అక్కడే నాకు ఒళ్ళు జలదరించింది. అట్టకి అంటించిన ఆ ఖాళీ కాగితం నున్నగా లేదు. నాకు అక్షరాలు రావు గానీ గాట్లు తెలుసు. పెన్ను గట్టిగా నొక్కి రాస్తే కాగితం అవతలి పక్క ఉబ్బుతుంది. అలాంటి ఉబ్బులు నా పొట్టకింద వరసలు వరసలుగా తగులుతున్నాయి. రాత ఉంది! కాగితం కింద ఉంది! చెబుదామంటే నోరేది? సొరతో పోట్లాడినవాణ్ణి, అంత చేతకాక ఎన్నడూ పడుకోలేదు.

దూకాను. పిల్ల మోచెయ్యి తగిలి పడ్డానని తరవాత అన్నారు, అననివ్వండి. నేల మీద పడి కుట్టు పిగిలి, ముప్ఫై రెండు గుళ్ళూ గది నాలుగు మూలలకీ పరిగెత్తాయి.

గంగులు మోకాళ్ళ మీద పాకి ఏరుకొచ్చాడు. గుళ్ళు అట్ట మీద పోసి, దొర్లిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి ఆగిపోయింది. వేళ్ళతో కాగితాన్ని అటూ ఇటూ తడిమాడు.

"అమ్మా... ఈ అట్ట నానే ఏశాను."

"అయితే?"

"ఆ ప్రొఫెసరుగారు కతలు ముందర్నుంచి రాసేవోరు, పాటలు పుస్తకం తిరగేసి ఎనకనుంచి రాసేవోరు. ఆ ఏడు అట్టలకంటించే కాయితం రాలేదు. ఆకరి కాయితం ఈ పక్క కాళీగా ఉందని అట్టకంటించేశాను. అటుపక్క సూడనేదమ్మా. నా సేతుల్తో నానే పూడ్సేశాను."

ఇద్దరూ వైదేహి మేడం దగ్గరికి వెళ్ళారు. ఆ విభాగానికి ఆవిడే అధికారి. ఆవిడ రాయి కాదు, పుస్తకాలని కన్నబిడ్డల్లా చూసుకునే మనిషి. వాళ్ళతోపాటు గది దాకా వచ్చి గుమ్మంలో ఆవిడ అన్న మాట నాకు వినపడింది.

"అర్థమైందమ్మా. కానీ తడి తగిలితే సిరా పోతుంది. అర్జీ పెట్టు, కమిటీ చూస్తుంది. గది తెరవగానే నీదే మొదటి పని."

"అప్పటికి మా నాన్న ఉండడు మేడం."

వైదేహి మేడం మీటింగుకి వెళ్ళిపోయింది. అసిరితల్లి పెన్సిలు సంచిలో పెట్టుకుంది. లేవలేదు.

గంగులు వెళ్ళి తన పాత బైండింగు సామాను తెచ్చి, తలుపు దగ్గరికి వేశాడు. తడి పిండేసిన గుడ్డ, సన్నటి వెదురు బద్ద.

"వొద్దు బాబాయ్. నీ ఉద్యోగం..."

"ఊరుకో. మైదా జిగురు, పురుగట్టకుండా మైలుతుత్తం కలిపి నానే ఉడకేశాను. అది నా మాటింటాది."

గంటసేపు పట్టింది. గుడ్డ ఒత్తడం, బద్ద దూర్చడం, ఊదడం. పక్కన కుప్పగా పడున్న నా గుళ్ళు చెమటలు కక్కాయి. సీసానికి చెమటేమిటంటారా? మీరు ఆ గదిలో లేరు.

కాగితం లేచింది. తిరగేసి చూస్తే పన్నెండు వరసలు. మధ్యలో నాలుగు వరసల సిరా జిగురుకి అంటుకుని అట్టతోనే ఉండిపోయింది. నీలం మరక, అంతే.

అసిరితల్లి ఏడవలేదు. ఫోను తెచ్చుకుని వాళ్ళమ్మకి కలిపింది.

"నాన్న చెవి దగ్గర పెట్టు. ఎడంచేతికి జముకు అందించు."

ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆ గదిలో మనిషి గొంతు లేచింది. బీరువాల అద్దాలు గలగల్లాడాయి. ఇది కోతలు కొయ్యడం కాదు. నాలుగు వరసలు పాడి, మరక దగ్గర ఆగిపోయింది. గది మళ్ళీ చచ్చినట్టు అయిపోయింది. గంగులు కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు ఫోనులోంచి వచ్చింది: జుం. జుం. జుంజుం. పడిపోయిన మనిషి ఎడంచేత్తో జముకు తీగ మీటుతున్నాడు. మాట లేని నాలుగు వరసలూ ఆ తీగ మీదే నడిచాయి. పిల్ల పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టుకుని, సరిగ్గా తొమ్మిదో వరస దగ్గర అందుకుంది. చివరిదాకా పాడింది. మంగళం అయింది.

అవతల నుంచి ఆమె తల్లి గొంతు: "అమ్మీ, గంజడుగుతన్నాడే! గిన్నెకేసి సూపిత్తన్నాడు!"

పిల్ల తలెత్తేసరికి తలుపు దగ్గర వైదేహి మేడం ఉంది. ఎప్పుడొచ్చిందో గానీ పాట అయ్యేదాకా లోపలికి అడుగుపెట్టలేదు. వచ్చి, తడిసిన కాగితం చూసి, దాని మీద వేలు ఆనించకుండా గాల్లోనే నిమిరింది.

"నాలుగు వరసలు పోయాయి గంగులూ. ఆగి ఉంటే దక్కేవేమో."

"అవునమ్మా."

మర్నాడు గంగులుకి మెమో వచ్చింది. ఆ గదిలోంచి తీసేసి కింద గోదాములోకి మార్చారు.

పైగదికి ఇప్పుడు కొత్త బరువులొచ్చాయట, స్పాంజి దిండ్లతో సహా. నన్ను గంగులు జేబులో వేసుకుని కిందకి తెచ్చాడు. పిగిలిన కుట్టు తనే వంకరటింకరగా కుట్టుకున్నాడు. గుళ్ళు ముప్ఫై ఒకటే దొరికాయి. ఒకటి ఆ రోజు పిల్ల చెప్పులో పడి అనుపు చూడ్డానికి వెళ్ళిందని నా నమ్మకం. గంగులు దుమ్ము దులుపుతూ ఒక్కోసారి ఆ మంగళం కూనిరాగం తీస్తాడు. నాలుగు వరసల దగ్గర ఆగి, బల్ల మీద వేళ్ళతో దరువేస్తాడు.

ఇప్పుడు నా కింద పుస్తకాల్లేవు. ఒకటే కాగితం, ఆ మెమో. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా పొద్దస్తమానం నేనే పట్టుకుని ఉన్నాను. ఎదురుగా కిటికీ, కిటికీ కింద కాలవ. నేను తప్పుకుంటే చాలు, ఆ మెమో నేరుగా అందులోకే.

ఒకసారి దూకినవాణ్ణి. ఇంకోసారి ఎంతసేపు!