కాలికి కట్టిన రోజు

నేను ఒక రక్తపోటు యంత్రాన్ని. మీ అందరి నోట్లో బీపీ మిషన్ని. మీ ఒంట్లో నెత్తురు పారుతుంది, నా ఒంట్లో పాదరసం. ఇక నాకు కుదురెక్కడిది చెప్పండి! ఫ్యాక్టరీలో ఎవరో మొదటిసారి గాలి కొట్టగానే గాజుగొట్టంలో పైకి ఎగబాకాను, గాలి వదలగానే జారిపోయాను. ఇప్పటికీ అదే బతుకు.

నిడదవోలులో కామేశం డాక్టరు గారు నన్ను కొన్నారు. నా పట్టీని ఎన్ని చేతులకు చుట్టారో లెక్కలేదు. మనుషులు భలేవాళ్లు లెండి. ఇంటి గుట్టు దాచుకుంటారు గానీ, బీపీ అంకె మాత్రం బస్టాండులో కూడా చాటుకుంటారు. అంకె ఎక్కువొస్తే తప్పు నాదే. "మీ మిషను పాతదైపోయిందండీ" అంటారు. నాకు ఒళ్లు మండిపోయేది.

కామేశం గారు పోయాక ఆయన మేనకోడలు డాక్టర్ వైదేహి చేతికొచ్చాను. ఆవిడ దగ్గరికే సత్యవేణి వచ్చింది. ముప్పై దాటిన మనిషి, ఎత్తు మాత్రం ఆరో తరగతి పిల్లంత. ఎల్కేజీ పిల్లలకు టీచరు. ఆమెకు పుట్టుకతోనే టర్నర్ సిండ్రోమ్ ఉంది. ఆడపిల్లకు రెండుండాల్సిన ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి లేదన్నమాట. పిల్లలు పుట్టరని తెలిసే ప్రసన్న ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ఈమధ్య, వేరే ఆవిడ ఇచ్చిన అండంతో బిడ్డను మోయొచ్చని తెలిసి సత్యవేణికి ప్రాణం లేచొచ్చింది. సంతాన సాఫల్య కేంద్రం వాళ్లు ముందు బీపీ అదుపులో ఉందని రాయించుకు రమ్మన్నారు.

అదుపా! వచ్చిన ప్రతిసారీ నూట డెబ్భై. అంతకుముందు చూసిన డాక్టర్లంతా టెన్షనన్నారట, మాత్రలిచ్చారట. ఆ రోజు పట్టీ చుట్టుకుంటూ ఆమె నాకే దణ్ణం పెట్టింది.

"ఈ ఒక్కసారికీ తక్కువ చూపించవే, నా తల్లివి కదూ!"

చూపించాలనే ఉంది నాకు. కానీ అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. మళ్లీ నూట డెబ్భైయే. వైదేహి ఆమె చేతి పట్టీ విప్పి, "బల్ల మీద పడుకోమ్మా, కాలికి చూస్తాను" అంది.

కాలికా! నేనెక్కడ, కాలెక్కడ! ఎందరి దండచేతులకో చుట్టుకున్న నన్ను పట్టుకెళ్లి పాదాల దగ్గర కడతారా? సిగ్గుతో చచ్చిపోయాను. సత్యవేణి నాకన్నా కంగారుపడి లేచి కూర్చుంది.

"అయ్యో, మీరు నా కాళ్లు పట్టుకోవడమేంటండీ! నాకు పాపం తగులుద్ది."

"ఆ పాపమేదో నేను మోస్తాలే. నువ్వు పడుకో."

సన్నటి ఆ పిక్కకు నన్ను చుట్టింది. చీలమండ దగ్గర నాడి మీద వేళ్లు పెట్టి, గాలి కొట్టి, మెల్లగా వదిలింది. దిగుతున్నాను, దిగుతున్నాను. నూట డెబ్భై దాటాను, నాడి అందలేదు. నూట నలభై దాటాను, అందలేదు. నూట ఐదు దగ్గర అందింది.

సత్యవేణి మొహం వెలిగిపోయింది. "తగ్గిందండీ! అదే రాసెయ్యండి, సంతకం పెట్టెయ్యండి!"

వైదేహి కలం తియ్యలేదు. "కాల్లో చేతికన్నా తక్కువ ఉండకూడదమ్మా. గుండె నుంచి కిందికెళ్లే పెద్ద రక్తనాళం ఎక్కడో ఇరుకైపోయినట్టుంది. టర్నర్ ఉన్నవాళ్లలో ఇలాంటివి ఉంటాయి. ఈ స్థితిలో కడుపొస్తే ఆ నాళం చీలిపోవచ్చు. నీ ప్రాణానికే ముప్పు."

ఆమె అడిగిన అంకే చూపించాను. చూపించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

రాజమండ్రిలో స్కానింగు చేసి అదే మాటన్నారు. ఇరుకైనచోట స్టెంటు వేశారు, బీపీ దిగింది. అయితే గుండె దగ్గర ఆ నాళం మొదట్లో కాస్త వెడల్పయి కూడా ఉందట. బిడ్డను మొయ్యొద్దన్నారు. ఆ కాగితాలు పట్టుకొచ్చి వైదేహి ముందు సత్యవేణి వెక్కివెక్కి ఏడ్చింది. పోనీ, ప్రాణానికి తెగించైనా కంటానంది. పక్కనున్న ప్రసన్న లేచి నిలబడ్డాడు.

"నిన్ను పందెం కాసి పిల్లోణ్ణి గెలుచుకోమంటావా? నావల్ల కాదు."

ఆమె అతని కోసం ఆగకుండానే వెళ్లిపోయింది. ఆ కోపం ఎన్నాళ్లు సాగిందో నాకు తెలియదు.

పాదరసం విషమట, అందుకని ఇప్పుడు నన్ను వాడటం లేదు. పాత యంత్రాలు తీసుకెళ్లేవాళ్లు వచ్చేదాకా మందుల గది అలమరలో పడున్నాను. కదలకుండా ఉండటం నావల్ల కావడం లేదు. గోడవతల ఎవరు దగ్గినా వినేస్తుంటాను.

మొన్న ఓ తల్లి ఏడుపు వినబడింది. పద్నాలుగేళ్ల కూతురికి టర్నరని తేలిందట. "నా బంగారానికి పిల్లలు పుట్టరంటండీ" అని గుండెలు బాదుకుంటోంది. ఏటేటా చేయించుకునే పరీక్షకు వచ్చిన సత్యవేణి అక్కడే ఉంది. ఆమె గొంతు నేను పోల్చుకున్నాను.

"నాకు పదిహేనేళ్లప్పుడు మావాళ్లకీ డాక్టరు గారు రెండు మాటలు చెప్పారంటండి. పిల్లలు పుట్టరన్న మాటకి ఇంటిల్లిపాదీ గొల్లుమన్నారు. గుండె పరీక్ష చేయిస్తా ఉండమన్న మాట ఆ ఏడుపులో ఒక్కరికీ వినపడలేదు. మీరు రేపు ఏడుద్దురుగానండి. ముందు పిల్లని బల్ల మీద పడుకోబెట్టండి."