నల్ల తీగ మీద ఎర్ర చుక్క

డునెడిన్‌లోని మా పాత ఇంటి వంటగదిలో కొత్త దీపం పెట్టాలని మెయిన్ ఆపి, పాతది ఊడదీశాను. పైకప్పులోంచి మూడు నల్ల తీగలు వేలాడాయి. ఏది ఎక్కడుండేదో చూసుకోలేదు. మూడూ కలిపి బిగించి, మెయిన్ వేసి స్విచ్ వేయగానే ఫ్యూజు పోయింది.

"నాన్న చేసిన వైరింగ్ అది. నీ వల్ల కాదు, దిగవే," అన్నాడు అన్నయ్య డెస్మండ్.

"నువ్వు నిచ్చెన పట్టుకో, చాలు."

మళ్ళీ మెయిన్ ఆపి, తీగలు విడదీసి, ఏళ్ళనాటి దుమ్ము తుడిచాను. ఒకదాని మీద ఎర్ర చుక్క కనబడింది. స్విచ్ నుంచి వచ్చేది అదేనన్నమాట. దాన్ని విడిగా బిగించాను. ఫ్యూజు మార్చి, మెయిన్ వేసి స్విచ్ వేస్తే దీపం వెలిగింది.

"చూశావా, నాన్న గుర్తు పెట్టే ఉంచాడు."

"అది గోళ్ళరంగు అన్నయ్యా. నాన్న వేసుకునేవాడా, అమ్మ వేసుకునేదా?"