మూర తక్కువ మల్లెలు

తిరుచానూరులో జైతున్‌బీ దగ్గర పూలు కొన్నవాళ్ళు మూర తక్కువైందని దెప్పని రోజు లేదు. పాపం, ఆమె మోచేతి నుంచి నడివేలి కొస దాకా నిక్కచ్చిగానే కొలిచి ఇస్తుంది. ఎటొచ్చీ, కొన్నామె చేతిలోకి పోగానే మాల ఆ మనిషి గుండెతో పాటే ముడుచుకుంటుంది, మళ్ళీ సాగుతుంది. జైతున్‌బీ కట్టే మాలలన్నీ అంతే. ఊరివాళ్ళకు అది మామూలే. కొత్తవాళ్ళు మాత్రం ముడుచుకున్నప్పుడు చూసి, "ఏందవ్వా, మూరలో కూడా మోసమేనా?" అని తగులుకుంటారు. "సాగినప్పుడు సూడు తల్లీ" అని చెప్పి, ఆమె ఇంకో నాలుగు మొగ్గలు చేతిలో పెడుతుంది. కొనేవాళ్ళకు అమ్మేవాళ్ళెప్పుడూ లోకువే కదా. ముప్పై ఏళ్ళుగా ఆ మాట పడుతూనే ఉంది.

కూతురు అనీసా తిరుపతిలో ఒక ఆస్పత్రిలో ఎకో తీస్తుంది. ఎదమీద జెల్ రాసి, మెషీన్ ఆనించి, గుండె కొట్టుకోవడం చూసి కొలతలు రాయడం ఆమె పని. జైతున్‌బీ రోజూ పొద్దున ఆ ఆస్పత్రిలో దేవుడి పటానికి పూలిచ్చి, కూతురి గదిలో పరదా ఇవతల స్టూలు మీద కూర్చుని టీ తాగి పోతుంది.

ఆరోజు కోమలి వచ్చింది. వడమాలపేటలో టీచరు. రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసేశారు, సూదులు నడుస్తున్నాయి. ఆ మందు కొందరి గుండె కండను నీరసపరుస్తుంది కాబట్టి ముందుగా ఎకో తీయించుకోవాలి. మర్నాడే అయిదో సూది. జుట్టంతా రాలిపోయి తలకు గుడ్డ కట్టుకుని ఉంది.

"బాగుండాదని రాసేయండి మేడమ్. సూది ఆగిపోతే గడ్డ మళ్ళా వస్తాదేమోనని భయంగా ఉండాది. నా బిడ్డకు మూడేండ్లే," అంది ఎడమపక్కకు తిరిగి పడుకుంటూ.

గుండె రక్తాన్ని నెట్టే కొలత అరవై వచ్చింది. మంచిదే. ఇంకో కొలత కూడా ఉంది. ఒక్కో దెబ్బకు గుండె కండ తన పొడవులో నూటికి ఎంత ముడుచుకుంటుందో చెబుతుంది. మొదటిసారి కోమలికి అది ఇరవై ఒకటి. దానికి ఊపిరి బిగబట్టించి మూడు వైపుల నుంచి బొమ్మలు తీయాలి, పది నిమిషాలు పడుతుంది. బయట నలభై మంది కాచుకుని ఉన్నారు. అనీసా ఆ కొలత వదిలేసి, 'నార్మల్' అని రాసింది.

కోమలి పరదా తీసుకుని ఇవతలికి వచ్చి, పూలబుట్ట చూసి ఆగింది.

"ఒక మూర ఇయ్యవ్వా." అని, తలగుడ్డ తడుముకుంది. "వద్దులే. యాడ పెట్టుకునేది?"

"చేతికి కట్టుకుందువులే. చెయ్యి చాపు బిడ్డా."

జైతున్‌బీ మాలను ఆమె మోచేతి నుంచి నడివేలి కొస దాకా పరిచింది. ఎవరి చేతిమీదైనా మాల కొస వేలి మొదలు దాకా వెనక్కి పోతుంది. కోమలి చేతిమీద నడికణుపు దగ్గరే ఆగి, తిరిగి సాగింది. ముసలామె టీ పక్కన పెట్టి మళ్ళీ చూసింది.

"అనీసా, ఈ పాపకు మూర తగ్గలేదే."

అనీసా వచ్చి చూసింది. మూడు దెబ్బలు చూసేసరికి తను వదిలేసిన కొలత గుర్తొచ్చి సిగ్గుపడింది.

"కోమలిగారూ, ఇంకోసారి పడుకోండి."

"బాగుండాదన్నారే?"

"నేను సరిగా సూడలేదు."

బయట జనం గొణుగుతూనే ఉన్నారు. ఈసారి మూడు వైపులా తీసింది. పద్నాలుగు.

సూదులు వేయించే డాక్టర్ జయంతి ఆ అంకె చూసి రేపటి సూది ఆపేసింది, గుండెకు మాత్రలు రాసింది. "ఆ సూది పడుంటే ఈ గుండె మళ్ళీ కోలుకునేదో లేదో చెప్పలేను," అంది. కోమలి బెంచీమీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. "గడ్డ మళ్ళా వస్తే నా బిడ్డకు మీరు సమాధానం చెప్తారా?" అని అనీసాను అడిగింది. ఆ రోజు నుంచి అనీసా అలాంటి సూదులు వేయించుకునే వాళ్ళందరికీ రెండు కొలతలూ తీస్తోంది, ఆలస్యమైందని తిట్లు తింటోంది.

మూడు నెలల తర్వాత కోమలి తిరుచానూరులో బుట్ట వెతుక్కుంటూ వచ్చింది. తలమీద జుట్టు అంగుళమంత మొలిచింది. కొలత పందొమ్మిదికి వచ్చింది, గడ్డ జాడ లేదు, సోమవారం నుంచి సూదులు మళ్ళీ మొదలు.

"ఒక మూర ఇయ్యవ్వా," అని చెయ్యి చాపింది.

జైతున్‌బీ మాల పరిచింది. కొస గోరు దాటింది, నడికణుపు దాటింది, వేలి మొదలు దాకా పోయింది. కోమలి దాన్నే చూస్తూ, "మూర తక్కువుండాదవ్వా," అంది.

ముప్పై ఏళ్ళలో మొదటిసారి జైతున్‌బీ సాగినప్పుడు చూడమనలేదు.

"అవును తల్లీ, తక్కువే," అని, కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఇంకో నాలుగు మొగ్గలు ఆమె చేతిలో పెట్టింది.